నూడుల్స్ మైదాలో కర్రపెండలం పిండి: గిట్టుబాటు ఎంతవరకు?

మన ప్రాంతంలో గోధుమ పండదు. విశాఖలో అమ్ముడయ్యే మైదా, సేమియా, నూడుల్స్ అన్నింటికీ మూలమైన గోధుమ ఉత్తరాది నుంచి రైలు కిరాయి భరించి రావలసిందే. 2022 మే 13న కేంద్రం గోధుమ ఎగుమతిని నిషేధించడం, 2023 జూన్‌లో నిల్వలపై పరిమితి విధించడం వర్తకులు మరచి ఉండరు. గోధుమ ధర బిగిసినప్పుడల్లా, మైదాలో కొంత దుంపపిండి కలపవచ్చునా అన్న ప్రశ్న తలెత్తుతుంది.

ఆ దుంప దూరాన లేదు. పెద్దాపురం, సామర్లకోట ప్రాంతాల్లో పండే కర్రపెండలం చాలాకాలంగా సగ్గుబియ్యం మిల్లులకు పోతున్నది. తిరువనంతపురంలోని కేంద్ర దుంపపంటల పరిశోధన సంస్థ 1971లో విడుదల చేసిన హెచ్-165 వంటి రకాలు అక్కడి రైతులకు పరిచితమే.

అయితే బేరానికి ముందు సరుకేదో తేల్చుకోవాలి. దుంపను రుబ్బి, కడిగి, పేర్చి తీసేది గంజిపొడి. చెక్కు తీసిన ముక్కలను ఎండబెట్టి విసిరినది పిండి. ఈ రెండింటి ధర వేరు, గుణం వేరు. చెక్కుతో ఎండిన ముక్కలు పశువుల దాణాకే తగినవి. తవ్విన దుంప రెండు మూడు రోజుల్లోనే చెడుతుంది గనుక ఆలస్యమైన సరుకు పిండి నల్లబడుతుంది. అంతర్జాతీయ కోడెక్స్ ప్రమాణం ప్రకారం తినే పిండిలో తేమ 13 శాతం, సైనైడు కిలోకు 10 మిల్లీగ్రాములు మించరాదు.

కర్రపెండలంలో గోధుమకున్న జిగట మాంసకృత్తు లేదు. సామాన్యంగా పదోవంతు కలిపితే నూడుల్స్ నిలుస్తాయి, కొంత మెరుపు కూడా వస్తుంది. పాలు పెంచేకొద్దీ పోగు విరుగుతుంది, ఉడికించిన నీరు గంజిలా చిక్కబడుతుంది.

ఇక లెక్క చూద్దాం. దుంపపిండి మైదాకన్న కిలోకు 4 రూపాయలు చౌక అనుకుందాం. క్వింటాలులో 10 కిలోలు మార్చితే మిగిలేది 40 రూపాయలు. నూడుల్స్ కిలో 40 రూపాయలనుకుంటే, క్వింటాలుకు ఒక్క కిలో అదనంగా విరిగి పనికిరాకుండా పోయినా ఆ లాభం హరించుకుపోతుంది. కనుక గిట్టుబాటును తేల్చేది ధరల తేడా ఒక్కటే కాదు, విరుగుడు కూడా.

కర్రపెండలం ఉత్పత్తిలో ప్రపంచంలోనే మొదటిదైన నైజీరియా 2005లో గోధుమపిండిలో 10 శాతం ఈ పిండి కలపాలని ఆదేశించింది. ఏడాది పొడవునా ఒకే నాణ్యత గల పిండి మిల్లులకు అందకపోవడంతో ఆ ఆదేశం సక్రమంగా సాగలేదు. దుంప సమృద్ధిగా ఉన్నంత మాత్రాన పిండి సమృద్ధిగా దొరకదని దీనివల్ల తెలుస్తున్నది.

చివరగా ఒక హెచ్చరిక. కలిపిన పిండిని మైదా పేరుతో అమ్మితే అది కల్తీయే. నూడుల్స్ పొట్లం మీద వాడిన పదార్థాలన్నీ తూకం వరుసలో ముద్రించాలి. ముందు ఒక బస్తాతో పోగు తీసి, ఉడికించి చూసి, ఆ తరువాతనే లారీ సరుకుకు బేరం కుదుర్చుకోవడం మేలు.