యుద్ధానికి పనికిరాదన్న ఫైటర్, టోక్యో దాకా ఎగిరింది

రెక్కల పొడవు 9 మీటర్ల పైచిలుకు. ఇంజిన్ సుమారు 220 హార్స్‌పవర్. వేగం గంటకు 230 కిలోమీటర్ల దాకా. మొదటి ప్రపంచ యుద్ధం నడుమ, 1917 మార్చిలో తొలిసారి గాలిలోకి లేచిన అన్సాల్డో ఎస్‌వీఏ బైప్లేన్ లెక్కలివి. ఉంబెర్తో సవోయా, రొడోల్ఫో వెర్దూజియో అనే ఇద్దరు ఇంజినీర్లు రూపకల్పన చేస్తే, ఇటలీలో జెనోవాకు చెందిన అన్సాల్డో సంస్థ తయారుచేసింది. మూడు పేర్ల తొలి అక్షరాలే విమానం పేరయ్యాయి.

దీన్ని ఫైటర్‌గా తయారుచేశారు. పైలట్లు నడిపి చూసి పెదవి విరిచారు. గాలిలో ఎదురుపడ్డ శత్రువు చుట్టూ చటుక్కున తిరగాలంటే వేగం ఒక్కటే చాలదు, ఒడుపు కావాలి. అది దీనికి తక్కువ. కానీ వేగంగా, చాలా దూరం, సూటిగా వెళ్లగలదు. శత్రువు భూభాగం మీదకు వెళ్లి ఫొటోలు తీసుకుని, తరిమేవాళ్లకు చిక్కకుండా తిరిగి రావడానికి కావలసింది సరిగ్గా అదే. అలా ఇది నిఘా విమానంగా మారింది. 1918 మే 21న లొకాతెల్లి, ఫెర్రారి అనే పైలట్లు ఒక్క సీటు ఎస్‌వీఏ 5 విమానాల్లో ఆల్ప్స్ దాటి, జర్మనీలోని ఫ్రీడ్రిక్స్‌హాఫెన్‌లో జెప్పెలిన్ గాలి ఓడల కర్మాగారాన్ని ఫొటోలు తీసి వచ్చారు.

అయితే ఒంటరి పైలట్ విమానం నడుపుతూ, దారి చూసుకుంటూ, కెమెరా కూడా పట్టుకోవాలి. రెండో మనిషి ఉంటే కళ్లు రెట్టింపవుతాయి, వెనక నుంచి వచ్చేవాడి మీద తుపాకీ ఎక్కుపెట్టడానికి చేతులూ ఉంటాయి. అందుకే రెండు సీట్ల రకాలు వచ్చాయి: తుపాకులు లేని ఎస్‌వీఏ 9, తుపాకులున్న ఎస్‌వీఏ 10.

ఆ రెండో సీటు ఖరీదెంతో లెక్క వేద్దాం. దుస్తులతో కలిపి మనిషి బరువు 80 కిలోలు అనుకుందాం. లీటరు పెట్రోలు ముప్పావు కిలో కన్నా కాస్త తక్కువే తూగుతుంది కాబట్టి, ఆ బరువుకు 110 లీటర్ల పెట్రోలు వస్తుంది. 200 హార్స్‌పవర్ తరగతి ఇంజిన్ ఆ రోజుల్లో పూర్తి బలంతో నడిస్తే గంటకు 45 కిలోలకు అటూఇటూగా తాగేది. అంటే రెండో మనిషిని ఎక్కించుకున్నప్పుడల్లా గంటన్నరకు పైగా ప్రయాణాన్ని వదులుకున్నట్టే. నిఘా విమానం రూపకర్తలకు అసలు చిక్కు ఇదే. కెమెరా, తుపాకీ, తూటాలు కూడా ఆ ఖాతాలోకే వస్తాయి.

1918 ఆగస్టు 9న ఈ చిక్కుకు గట్టి పరీక్ష ఎదురైంది. పాదువా దగ్గరి సాన్ పెలాజియో నుంచి 11 ఎస్‌వీఏలు శత్రు రాజధాని వియన్నాకు బయలుదేరాయి. పది ఒక్క సీటువి. పదకొండోదాన్ని నతాలే పల్లి నడుపుతుంటే, రెండో సీట్లో 55 ఏళ్ల కవి గాబ్రియేలే దన్నున్‌జియో కూర్చున్నాడు. ఆ సీటు దగ్గరే అదనపు పెట్రోలు ట్యాంకు అమర్చారు. శత్రువు కాల్పుల మధ్య పెట్రోలును ఆనుకుని కూర్చోవడానికి ఎంత తెగువ కావాలో ఊహించుకోవచ్చు.

మూడు విమానాలు త్వరగానే వెనుదిరిగాయి. ఒకటి ఆస్ట్రియాలోనే దిగిపోయింది. మిగిలిన ఏడూ ఉదయం 9.20కి వియన్నా మీదకు చేరి బాంబులకు బదులు కరపత్రాలు వదిలాయి. కవి రాసినవి 50 వేలు, అన్నీ ఇటాలియన్‌లోనే. ఉగో ఓయెత్తి రాసిన మూడున్నర లక్షల కరపత్రాలు జర్మన్‌లోనూ ఉన్నాయి కాబట్టి నగరవాసులకు అర్థమైనవి ప్రధానంగా అవే. రానూపోనూ సుమారు 1,000 కిలోమీటర్లు, దాదాపు ఏడు గంటలు. సగటున గంటకు 140 కిలోమీటర్ల పైచిలుకు. గరిష్ఠ వేగం 230 అయినా బండిని అంత తోలలేదు. పెట్రోలు పొదుపుగా వాడితేనే ఇల్లు చేరతారు.

ఈ విమానం అసలు దమ్ము యుద్ధం ముగిశాక తెలిసింది. 1920 ఫిబ్రవరి 14న ఆర్తూరో ఫెర్రారిన్ మెకానిక్ కప్పన్నీనితో ఎస్‌వీఏ 9 ఎక్కి రోమ్ నుంచి బయలుదేరాడు. కరాచీ, ఢిల్లీ, అలహాబాద్, కలకత్తాల్లో దిగుతూ, రంగూన్ మీదుగా మే 31న టోక్యో చేరాడు. సుమారు 18,000 కిలోమీటర్లు, 107 రోజులు. అందులో గాలిలో గడిపినవి 110 గంటలకు అటూఇటూ మాత్రమే. తక్కినదంతా మరమ్మతులు, వాతావరణం, విందులు, నిరీక్షణ. వెంట వచ్చే మెకానిక్ లేకపోతే ఆ ప్రయాణం సాగేదే కాదు. ఇక్కడ మాత్రం రెండో సీటు తన బరువుకు తగిన విలువ చేసింది.

వియన్నా వెళ్లివచ్చిన రెండు సీట్ల ఎస్‌వీఏ నేటికీ గార్దా సరస్సు ఒడ్డున, గార్దోనె రివియేరాలోని దన్నున్‌జియో నివాసం విత్తొరియాలెలో పైకప్పుకు వేలాడుతోంది. ఇటలీ వెళ్లే తెలుగువారెవరైనా ఆ దారిన పోతే తప్పక చూసి రండి.