ఫిల్టరు పానా

మోటారుబండ్లను బాగుచేయు శాలలలో గోడకు వ్రేలాడు పనిముట్లయందు ఒకటి కొత్తగ చూచువారికి వింతగ దోచును. సన్నని ఉక్కుపట్టీ యొకటి వలయముగ వంచబడి, దాని రెండు కొనలును ఒక పిడికి తగిలింపబడి యుండును. దానితో నట్టు విప్పరాదు; బోల్టు విప్పరాదు; మేకు పీకరాదు. దానికి పని యొక్కటే. ఇంజను నూనెను వడపోయు డబ్బాను దాని స్థానమునుండి కదలించుటయే ఆ పని. మిస్త్రీలు దీనిని ఫిల్టరు పానా యందురు. చూపునకు అల్పమైనను ఈ పనిముట్టునందు మనము తరగతిలో చదువుకొను యంత్రశాస్త్ర సూత్రములు రెండుమూడు ఇమిడి యున్నవి. దీనిని ఎప్పుడు వాడవలెనో యెరుగుట ఎంత ముఖ్యమో, ఎప్పుడు వాడరాదో యెరుగుట అంతకంటె ముఖ్యము. అందుచేత దీనిని గూర్చి మా విద్యార్థులకు కొంత వివరింప దలచితిమి.

ముందుగ ఫిల్టరు సంగతి తెలిసికొందము. ఇంజను నడచునపుడు అందలి పిస్టనులును ఇరుసులును నిమిషమునకు వేలకొలది పర్యాయములు కదలుచుండును. ఇనుము ఇనుముతో ఒరసికొన్నచో వేడిమి పుట్టి రెండును అరిగిపోవును. అట్లు జరుగకుండ వాని నడుమ పలుచని నూనెపొర నిలిచి యుండవలయును. ఇంజను అడుగున నుండు తొట్టిలోని నూనెను ఒక పంపు తోడి అన్ని భాగములకును పంపుచుండును. అయితే ఆ నూనెలో అరుగుడు రజను, మసి, గాలితో వచ్చిన సన్నని దుమ్ము క్రమముగ చేరును. రజనుతో నిండిన నూనె కాపాడుటకు మారుగ ఆకురాతివలె ఇంజనును గీయుచుండును. కాబట్టి నూనెను మాటిమాటికి వడపోయుట యవసరము.

తొలినాటి మోటారుబండ్లలో లోహపు జల్లెడయే గాని సరియైన ఫిల్టరు లేకుండెను. 1923 వ సంవత్సరమున అమెరికా దేశమునందు ఎర్నెస్టు స్వీట్‌లండ్, జార్జి గ్రీన్‌హాల్ష్ అనువారు ఇంజను నూనెకు ఫిల్టరును కల్పించి, దానికి ప్యూరోలేటర్ అని పేరిడిరి. ‘ప్యూర్ ఆయిల్ లేటర్’, అనగా ‘పిదప శుద్ధమగు నూనె’, అను మాటలను కుదించి ఆ పేరు కట్టిరి. 1924 లో వెలువడిన క్రైస్లరు కారునందు నూనె ఫిల్టరు అమర్చబడెను. ఆ కాలపు ఫిల్టర్లను మార్చుట మురికిపని. కొంత ఆలస్యమును పట్టెడిది. 1954 లో విక్స్ కంపెనీవారు డబ్బాయు లోపలి వడపోతయు ఒక్కటిగ చేసి, మరపై త్రిప్పి బిగించు ఫిల్టరును తెచ్చిరి. పాతదానిని త్రిప్పి తీసివేయుట, కొత్తదానిని త్రిప్పి ఎక్కించుట: అంతటితో పని ముగియును.

ఈ డబ్బా లోపల ప్రత్యేకముగ తయారుచేసిన కాగితము విసనకర్రవలె మడతలు మడతలుగ పెట్టబడి యుండును. మడతలవలన చిన్న చోటనే విశాలమైన వడపోత తలము లభించును. అడుగుపలక అంచు చుట్టునున్న చిన్న రంధ్రములగుండ నూనె లోనికి వచ్చి, కాగితముగుండ దూరి, నడిమి పెద్ద రంధ్రముగుండ ఇంజనునకు పోవును. ఆ నడిమి రంధ్రమునకే మర యుండును. అంచు చుట్టును రబ్బరు వాషరు అమర్చబడి నూనె బయటికి కారకుండ ఆపును. లోపల మరియొక యేర్పాటు గలదు. కాగితము మురికితో పూడిపోయినచో ఒక చిన్న కవాటము తెరచుకొని, నూనె వడపోత లేకయే ఇంజనునకు పోవును. ఇంజను ఎండిపోవుటకంటె మురికినూనెయైనను మేలని ఈ యేర్పాటు. దీనివలన ఫిల్టరు పని మానినను నడపువానికి తెలియదు. నేటి కార్లలో పెక్కింటికి పదివేల కిలోమీటర్లకు గాని యేడాదికి గాని, ఏది ముందు వచ్చిన దానినిబట్టి, నూనెయు ఫిల్టరును మార్చవలెనని తయారుచేసినవారు చెప్పుటకు కారణ మిదియే.

చేతితో త్రిప్పి ఎక్కించిన డబ్బాను చేతితోనే విప్పరాదా యని కొందరడుగవచ్చును. ఎక్కించునపుడు వాషరు మెత్తగ, నూనెతో తడిసి యుండును, జారుట సులభము. తరువాత అది నెలల తరబడి వేడెక్కుచు చల్లారుచు నుండును. ఆ వేడిమికి రబ్బరు గట్టిపడి, ఇంజనుపై నున్న లోహపుతలమునకు అంటుకొనిపోవును. వాషరునకు పూసిన నూనెయు పలుచబడి పోవును. కావున విప్పుటకు కావలసిన బలము బిగించుటకు పట్టినదానికంటె చాల హెచ్చుగ నుండును. పైగా డబ్బా గుండ్రనిది, నునుపైనది. పట్టుటకు మూలలు లేవు. చేతికేమో నూనె జిడ్డు. తఱచుగ చోటును ఇరుకే.

ఇచట తులాదండ సూత్రమును జ్ఞప్తికి తెచ్చుకొందము. డబ్బా వ్యాసము 7.6 సెంటీమీటర్లనుకొనుడు, వ్యాసార్ధము 3.8 సెంటీమీటర్లగును. అంటుకొన్న ఆ డబ్బాను కదలించుటకు 400 కిలోగ్రాము-సెంటీమీటర్ల త్రిప్పుబలము కావలెననుకొందము. వట్టిచేతితో త్రిప్పువాడు దాని అంచున 400 ని 3.8 చే భాగింపగా వచ్చు 105 కిలోగ్రాముల బలము చూపవలయును. ఇది సామాన్యునికి సాధ్యము కాదు. ఇరువది సెంటీమీటర్ల పిడిగల పానా తగిలించినచో 20 కిలోగ్రాముల బలము చాలును. నిండు నీళ్లబిందెను ఎత్తగల బాలుడు ఆపాటి బలము చూపగలడు. ఏతముమీద నిలిచి నీరు తోడు రైతు, తిరుగలి త్రిప్పు గృహిణి, ఈ సూత్రమునే చిరకాలముగ వాడుచున్నారు.

అయితే పిడి యుండినంత మాత్రమున చాలదు. నునుపైన డబ్బాను పానా జారకుండ పట్టవలెను గదా! ఆ పట్టు ఎట్లు వచ్చును? రేవులో పడవవాడు త్రాటిని గుంజకు రెండుచుట్లు చుట్టి, కొనను ఒక్కచేతితో పట్టుకొని, ఏటివాలున లాగుకొనిపోవు పడవను నిలుపును. త్రాడు గుంజను ఎంతగ చుట్టుకొన్న ఘర్షణము అంతంతకు పెరుగును. లెక్కకు ఘర్షణ గుణకము 0.3 అయినచో ఒక చుట్టునకు పట్టు ఇంచుమించు ఆరున్నర రెట్లును, రెండు చుట్లకు నలువదిమూడు రెట్లును అగును. పట్టీపానాలోని ఉక్కుపట్టీ డబ్బాను ఇంచుమించు ఒక చుట్టు చుట్టుకొని యుండును. పిడిని లాగినకొలది పట్టీ బిగియును. బిగిసినకొలది పట్టు హెచ్చును. తాటిచెట్టు ఎక్కువాని మోకు అతని బరువుచేతనే మ్రానును కరచి పట్టునట్లు, ఈ పానా మన లాగుడుచేతనే డబ్బాను కరచిపట్టును. దానిని తలక్రిందుగ తగిలించినచో లాగినకొలది వదులగును. అందుచేత ఏ దిక్కునకు లాగిన బిగియునో ముందు చూచుకొని తగిలించవలయును.

ఈ లెక్కనుండి మరియొక సంగతి తెలియును. డబ్బాకు నూనె యంటి ఘర్షణ గుణకము 0.1 కు తగ్గినచో ఒక చుట్టునకు వచ్చు పట్టు రెండు రెట్లయినను కాదు. కాబట్టి పానా తగిలించుటకు ముందు డబ్బాను గుడ్డతో శుభ్రముగ తుడువవలెను. అనుభవజ్ఞులగు మిస్త్రీలు పట్టీకిని డబ్బాకును నడుమ గరుకు కాగితపు ముక్క నుంచుటయు ఇందుకే.

ఫిల్టరు పానాలు పలు రకములు. ఉక్కుపట్టీకి బదులు నేతపట్టీ గలది యొకటి. గొలుసు గలది మరియొకటి. ఇది పెద్ద లారీల ఫిల్టర్లకు తగును. డబ్బా చివరకు టోపీవలె తొడుగు గిన్నెపానా వేరొకటి. డబ్బా చివర పలకలు తీర్చబడి యుండును. గిన్నె లోపలను అదే లెక్క పలకలుండును. ఉదాహరణమునకు 65 మిల్లీమీటర్ల వెడల్పును 14 పలకలును గల గిన్నె ఒక కొలత. కొలతయు పలకల లెక్కయు రెండును సరిపోయిననే ఇది పట్టును. సరిపోయినచో దీనికంటె చక్కని పానా లేదు. ప్రక్కల చేయి దూరని ఇరుకుచోట్ల ఇదియే ఆధారము. మూడుకాళ్ల పానా అను ఇంకొకదానిలో పిడిని త్రిప్పగనే కాళ్లు లోనికి ముడుచుకొని డబ్బాను పట్టుకొనును; పలు కొలతలకు ఒక్కటే సరిపోవును. ఒకే బండి గలవారికి గిన్నెపానాయు, పలురకముల బండ్లు వచ్చు శాలకు పట్టీపానాయు మూడుకాళ్లదియు అనుకూలములు.

పానా లేనివారు కొందరు డబ్బా ప్రక్కన స్క్రూడ్రైవరును సుత్తితో దిగగొట్టి, దానినే పిడిగ చేసికొని త్రిప్పుదురు. ఇది మంచి పద్ధతి కాదు. డబ్బా రేకు పలుచనిది. వాషరు గట్టిగ అంటుకొన్నచో డబ్బా కదలదు సరిగదా, రేకు చినిగిపోవును. లోపలి వేడినూనె చేతిపై కారును. చినిగిన అంచు కత్తివలె కోయును. అడుగుపలక మాత్రము ఇంజనునకు అంటుకొని మిగిలిన, దానిని తీయుట మునుపటికంటె పదిరెట్లు కష్టము.

ఇక విప్పు క్రమము. బండిని సమతలమున నిలిపి, చక్రములకు అడ్డు పెట్టవలెను. జాకీ నొక్కదానినే నమ్మి బండిక్రింద దూరరాదు. గట్టి ఆధారములు నిలుపవలెను. ఇంజను గోరువెచ్చగ నుండవలెను గాని కాలుచుండరాదు. తొట్టి అడుగు బోల్టు విప్పి నూనెను పళ్లెములోనికి దింపవలెను. పిదప పానాను డబ్బా నడుమ గాక అడుగుపలకకు సమీపమున తగిలించవలెను. నడుమ రేకు నొక్కుకొనిపోవును, అడుగున గట్టిగ నుండును. డబ్బా చివరివైపునుండి చూచుచు గడియారపు ముండ్లకు ఎదురుదిక్కున త్రిప్పవలెను. డబ్బా కదలి అరచుట్టు తిరిగినపిమ్మట పానాను తీసివేసి, మిగిలినది చేతితోనే విప్పవలెను.

ఇచట అతిముఖ్యమైన పరీక్ష యొకటి గలదు. తీసిన డబ్బాను త్రిప్పి చూచి, పాత వాషరు దానితో వచ్చినదో లేదో కనుగొనవలెను. ఒక్కొక్కప్పుడు అది ఇంజనునకే అంటుకొని నిలిచిపోవును. దానిపై కొత్త ఫిల్టరు ఎక్కించినచో రెండు వాషరులు ఒకదానిపై నొకటి పడును. ఇంజను నడచునపుడు నూనె యొత్తిడి మూడు నాలుగు వాతావరణముల వరకు ఉండవచ్చును. ఆ యొత్తిడికి వాషరులు ప్రక్కకు జారి, తొట్టిలోని నూనె యంతయు కొలది నిమిషములలో రోడ్డు పాలగును. మేమెరిగిన యొక అద్దెబండి యజమానికి ఇట్లే జరిగెను. అప్పుచేసి కొన్న బండి ఇంజను పట్టుకొనిపోయి, కుటుంబమునకు ఆధారమైన సంపాదన నెలలపాటు ఆగిపోయెను. ఒక్క క్షణము వంగి చూచినచో తప్పిపోవు నష్టమది.

కొత్త ఫిల్టరు ఎక్కించునపుడు కూర్చుండు తలమును తుడిచి, కొత్త వాషరునకు వ్రేలితో శుద్ధమైన నూనె పూయవలెను. డబ్బాను చేతితో త్రిప్పుచు వాషరు తలమునకు తాకువరకు ఎక్కించి, అటుపై ముప్పాతిక చుట్టు మాత్రము బిగించవలెను. డబ్బామీద వేరుకొలత అచ్చువేసి యున్నచో దానినే అనుసరింపవలెను. ఇంత కొద్ది బిగింపు చాలునా యను సందేహము వలదు. మర యనగా స్తంభమునకు చుట్టిన ఏటవాలు తలమే. చుట్టునకు 1.5 మిల్లీమీటర్లు ముందుకు సాగు మరలో ముప్పాతిక చుట్టునకు వాషరు ఒక మిల్లీమీటరునకు మించి నొక్కబడును. నూనె నాపుటకు ఆ నొక్కుడు చాలును. పానాతో ఇంకను బిగించినచో వాషరు నలిగి చెడును. మరుసటి పర్యాయము విప్పుట అసాధ్యమగును. కాబట్టి ఈ డబ్బాల విషయమున నియమ మొక్కటే: విప్పుటకు పానా, బిగించుటకు చేయి.

ఇటీవలి కార్లలో కొన్నింటికి డబ్బా లేదు. ఇంజనునందే గూడు కట్టి, మూత తీసి లోపలి కాగితమును మాత్రము మార్చుదురు. ఈ మూతను గిన్నెపానాతోనే బిగింతురు; అయినను కొలతపానాతో, తయారుచేసినవారు చెప్పినంతయే, ఉదాహరణమునకు 25 న్యూటను-మీటర్లు. ఇచటను చేతికి తోచినంత బిగించుట కూడదు. విద్యుచ్ఛక్తిచే మాత్రమే నడచు బండ్లలో ఇంజను లేదు గనుక ఈ ఫిల్టరును లేదు.

తీసిన నూనెను మురుగుకాలువలోగాని నేలమీదగాని పోయరాదు. అది నీటిని చెరచును. చర్మమునకు మాటిమాటికి తగిలిన హాని చేయును. మన దేశమున 2016 నాటి నియమములు వాడిన నూనెను అపాయకరమైన వ్యర్థముగ నెంచి, అనుమతి పొందిన శుద్ధిశాలలకే చేర్చవలెనని విధించుచున్నవి. పాత ఫిల్టరును రాత్రియంతయు బోర్లించి, కారిన నూనెను ఆ నూనెతోనే చేర్చవలెను.

విద్యార్థులలో కొందరు రేపు ఇంజనీర్లు కావచ్చును, కొందరు మిస్త్రీలు కావచ్చును, కొందరు బండి నడుపుకొని జీవింపవచ్చును. కొలది వందల రూపాయల పానాయే గాని, దానిని వాడువాడు దాని సూత్రమును, హద్దును ఎరిగి యుండవలెను. వదలనిదానిని వదలించుటకు బలము కావలెను. బిగించినదానిని అంతటితో విడుచుటకు వివేకము కావలెను. ఈ రెండును గలవానినే మంచి పనివాడందురు.