కూలి రేటుతోపాటు నడుము లెక్క కూడా తేలాలి

మిర్యాలగూడ వైపు, సాగర్ ఎడమ కాలువ కింద నాట్లు మొదలైతే ఆడకూలీలు పొద్దున బురదలో వంగుతారు, లేచేది బువ్వకే. ఎకరానికింత అని గుత్త మాట్లాడుకున్నాక ఎవరికి వారే మేస్త్రీ. నడుమెత్తితే ఎనకబడ్తం, ఎనకబడ్తే ముఠా ఊకోదు. రాత్రికి ఇంత బామ్ రాసుకోవడం, తెల్లారి మళ్లీ బురద. దీన్ని జబ్బని ఎవరూ అనరు, వయసు మీద పడిందంటారు. ముప్పై అయిదేళ్లకే పడుతుందా వయసు?

వంగి నిలబడ్డప్పుడు పైదేహం బరువంతా వెన్నులో కింది పూసల మీద, వాటి నడుమ ఉండే మెత్తటి బిళ్లల మీద పడుతుంది. కొద్దిసేపైతే తట్టుకుంటాయి. గంటల తరబడి, ఏండ్ల తరబడి అయితే బిళ్ల అరిగి పక్కకు జారుతుంది, నరాన్ని నొక్కుతుంది. ఇక నొప్పి కాలిదాకా పాకుతుంది.

పాలమూరు లేబర్ సంగతి వేరే చెప్పాల్నా? అడ్వాన్సు ఇచ్చి గుంపు మేస్త్రీ తోలుకపోయిన చోటల్లా గడ్డపార పట్టిందీ, మట్టితట్ట నెత్తికెత్తిందీ వాళ్లే. 1955లో పునాదిరాయి పడ్డ నాగార్జునసాగర్ మనుషుల భుజాల మీదనే లేచింది. డ్యాము ఎత్తు, పొడవు పుస్తకాల్లో ఉన్నాయి. అరిగిన పూసల లెక్క ఎవరు రాశారు?

మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడు పీడ తోడైంది. ఎండలో కష్టం చేసేవాళ్లు నీళ్లెక్కువ తాగుతారు, బోరునీటి విషమూ వాళ్ల ఎముకల్లోకే ఎక్కువ చేరింది. కృష్ణా నీళ్లొచ్చినా, బిగిసిన కీళ్లు మళ్లీ సదలవు.

తలరాత అందామా? అమెరికాలోని కాలిఫోర్నియా తోటల్లో మెక్సికన్ కూలీలకు అడుగుడు పిడి పారలిచ్చి రోజంతా వంగబెట్టేవారు. పొడుగు పిడి ఇస్తే పంట పాడైతదని ఆసాములు వాదించారు. అసలు సంగతి, నిలబడ్డవాడు దూరం నుంచే మేస్త్రీ కంటబడతాడు. కూలీలు కోర్టుకెక్కి కొట్లాడితే 1975లో ఆ పొట్టిపారను నిషేధించారు. పంట ఏమీ పాడుకాలేదు.

పొడుగు పిడి మిషను కాదు, దాంతో మన పని పోదు. మెట్టచేలో కలుపుకు నిలబడి లాగే దంతె, మట్టిపనికి చిన్న తట్ట, బస్తాకు ఇద్దరు మనుషులు, నాట్లలో గంటకోసారి అయిదు నిమిషాలు నడుమెత్తే వీలు అడగాలి. బరువెత్తేటప్పుడు నడుము కాదు, మోకాళ్లు వంచాలె, బస్తాను ఒంటికి దగ్గరగా పట్టాలె, ఎత్తుతూ నడుము తిప్పొద్దు. పిడికి కావలసింది ఒక కర్ర, వడ్లాయన చేతిలో అరపూట పని. ఆ ఖర్చు ఆసామిదే. ఈ మాట గుత్త మాట్లాడేనాడే తేల్చుకోవాలి, బురదలో దిగినంక ఎవరూ వినరు.