స్కాన్‌లో కనబడని నొప్పి: మెదడు, వెన్నుపాము ఏం చేస్తాయి?

వైద్య సహాయం కోసం మన సంస్థ గడప తొక్కేవారు రెండు రకాలుగా ఉంటారు. కొందరి చేతిలో ఆపరేషన్ ఎస్టిమేటు, డిశ్చార్జి కాగితాలు ఉంటాయి. వారికి సాయం చేయడానికి ఎవరూ వెనుకాడరు. మరికొందరి చేతిలో ‘నార్మల్’ అని రాసిన రిపోర్టులు ఉంటాయి. నడుము నొప్పితో కూలికి పోలేరు, కుట్టు మిషన్ ముందు అరగంట కూర్చోలేరు, నమాజులో సజ్దాకు వంగలేక కుర్చీ వేసుకుంటారు. ‘రిపోర్టులో ఏమీ లేదు కదా, మరి ఈ నొప్పి ఎక్కడిది?’ అని ఇంట్లోవారే అడుగుతారు. దాతల్లో కొందరు కూడా ఇదే అడుగుతుంటారు. ఇది న్యాయమైన ప్రశ్నే. దానికి వైద్యశాస్త్రం ఇచ్చే జవాబును తేలిక మాటల్లో ఇక్కడ వివరిస్తున్నాం.

నొప్పి ఎలా ప్రయాణిస్తుంది?

కాలి వేలికి రాయి తగిలిందనుకోండి. ముందు చురుక్కుమంటుంది, ఆ వెంటనే సలుపు మొదలవుతుంది. ఈ రెండింటినీ మోసుకెళ్లే నరాల పోగులు వేర్వేరు. మొదటిది వేగంగా వెళ్లే పోగుల పని. రెండోది సెకనుకు ఒకటి రెండు మీటర్లకు మించి కదలని సన్నని పోగుల పని. రెండూ వెన్నుపాము వెనుక భాగానికి చేరి, అక్కడి నరకణాలకు కబురు అందిస్తాయి. ఆ కణాలు కబురును అవతలి పక్కకు దాటించి, పైకి మెదడుకు పంపుతాయి. మెదడులో నొప్పికంటూ ఒకే ఒక్క గది లేదు. దెబ్బ ఎక్కడ తగిలిందో ఒక భాగం చెబుతుంది. ఎంత బాధాకరమో, ఎంత భయపడాలో ఇంకొన్ని భాగాలు తేలుస్తాయి. అవన్నీ కలిస్తేనే మనకు ‘నొప్పి’ తెలుస్తుంది.

నొప్పి అంతా ఒకటే కాదన్న సంగతి పూర్వ వైద్యులకూ తెలుసు. యునానీ వైద్యులు నేటికీ గౌరవంగా తలచుకునే ఇబ్న్ సీనా (980–1037) తన వైద్య గ్రంథం ‘అల్ ఖానూన్’లో నొప్పిని 15 రకాలుగా వర్ణించారు.

వెన్నుపాములో ఒక తలుపు

దెబ్బ తగిలిన చోట చేత్తో రుద్దుకుంటే ఎందుకు ఉపశమనం కలుగుతుంది? 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే శాస్త్రవేత్తలు దీనికి ఒక వివరణ ఇచ్చారు. వెన్నుపాములో నొప్పి కబురుకు తలుపు లాంటి ఏర్పాటు ఉందనీ, స్పర్శను మోసే పెద్ద పోగులు చురుకైతే ఆ తలుపు కొంత మూసుకుంటుందనీ, మెదడు కూడా పై నుంచి దాన్ని నియంత్రిస్తుందనీ వారు చెప్పారు. ఆ తర్వాత వివరాల్లో మార్పులు వచ్చినా, వెన్నుపాము కబురును ఉన్నదున్నట్టు మోయదు, తగ్గించగలదు, పెంచగలదు అన్న మూల విషయం నిలిచింది.

మెదడు కిందికి పంపే ఆజ్ఞలు

1969లో డేవిడ్ రేనాల్డ్స్ అనే పరిశోధకుడు ఎలుకల నడిమెదడులోని ఒక భాగానికి స్వల్ప విద్యుత్తు అందించి, మత్తుమందు లేకుండానే వాటికి శస్త్రచికిత్స చేయగలిగారు. అంటే నొప్పిని అణిచే దారి మెదడులోనే ఉంది. ఆ దారి నడిమెదడు నుంచి మెదడు కాండం గుండా వెన్నుపాములోకి దిగుతుంది. సెరటోనిన్, నారడ్రినలిన్ అనే రసాయనాలు ఈ పనిలో సాయపడతాయి. 1975లో జాన్ హ్యూస్, హాన్స్ కోస్టర్లిట్జ్ మార్ఫిన్ లాగా పనిచేసే పదార్థాలను మెదడులోనే కనుగొన్నారు. శరీరం తన నొప్పి మందును తానే తయారు చేసుకుంటుందన్నమాట.

రెండో ప్రపంచ యుద్ధంలో ఇటలీ రంగంలో పనిచేసిన అమెరికన్ వైద్యుడు హెన్రీ బీచర్ ఒక వింత గమనించారు. తీవ్రంగా గాయపడిన సైనికుల్లో నాలుగింట మూడు వంతుల మంది, అడిగినా సరే, నొప్పి మందు అక్కర్లేదన్నారు. ప్రాణాలతో బయటపడ్డామన్న భావన వారి నొప్పిని తగ్గించి ఉంటుందని ఆయన భావించారు. గాయం ఎంత ఉందో నొప్పి అంతే ఉండాలన్న నియమం లేదని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఏర్పాటు గాడి తప్పితే

నొప్పి 3 నెలలకు మించి కొనసాగినా, మళ్లీ మళ్లీ వస్తున్నా వైద్యులు దాన్ని దీర్ఘకాలిక నొప్పి అంటారు. ఇలాంటి వారిలో చాలామందికి అసలు గాయం మానిపోయి ఉంటుంది, కానీ నరాల వ్యవస్థ శాంతించదు. గట్టి నొప్పి కబుర్లు పదేపదే వస్తే వెన్నుపాములోని కణాలు అతిగా స్పందించడం అలవాటు చేసుకుంటాయని 1983లో క్లిఫర్డ్ వూల్ఫ్ ప్రయోగాలతో చూపారు. మైకు సెట్టు వాల్యూమ్ పెంచి వదిలేస్తే గుసగుస కూడా గోలగా వినబడినట్టే, ఇక్కడ మామూలు స్పర్శ కూడా మంటగా, చిన్న వంపు కూడా పోటుగా తెలుస్తుంది. పై నుంచి అణచాల్సిన దారి బలహీనపడుతుంది, కొన్నిసార్లు తానే నొప్పిని పెంచుతుంది. నిద్రలేమి, భయం, దిగులు ఈ వాల్యూమును ఇంకా ఎక్కిస్తాయి.

కాలు తీసేసిన మనిషికి ఆ లేని కాలే నొప్పి పెట్టడం దీనికి పెద్ద రుజువు. అక్కడ స్కాన్ తీయడానికి కాలే లేదు, నొప్పి మాత్రం ఉంది. మరోవైపు, ఏ నొప్పీ లేని వారిలోనూ ఎంఆర్ఐ తీస్తే డిస్కు ఉబ్బు కనబడటం మామూలే. అంటే నొప్పి మొత్తం కథ స్కాన్‌కు తెలియదు. నొప్పి ఉందని మనిషి చెప్పినప్పుడు ఆ మాటను గౌరవించాలని నొప్పిపై పనిచేసే అంతర్జాతీయ వైద్య సంఘం 2020లో సవరించిన నిర్వచనంలో స్పష్టంగా చేర్చింది.

మరి చికిత్స ఏమిటి?

ముందుగా ఒక హెచ్చరిక. నడుము నొప్పితో పాటు కాళ్లలో బలం తగ్గడం, మలమూత్రాలపై అదుపు పోవడం, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. అవి వేరే జబ్బుల గుర్తులు కావచ్చు.

అవేవీ లేవని డాక్టరు తేల్చాక, మందుల షాపులో కొనే నొప్పి మాత్రలతో ఏళ్లు నెట్టుకురావడం మంచిది కాదు. వాటితో కడుపులో పుండ్లు పడవచ్చు, కిడ్నీలు దెబ్బతినవచ్చు. డాక్టర్లు కొందరికి దిగులు తగ్గించే మందులైన అమిట్రిప్టిలిన్, డులాక్సెటిన్ వంటివి రాస్తారు. ‘నాకేమైనా పిచ్చా?’ అని బాధపడి వాటిని ఆపేసేవారు ఉన్నారు. మెదడు నుంచి కిందికి దిగే దారిలోని రసాయనాలను పెంచడానికే ఆ మందులు. షుగరు వల్ల అరికాళ్ల మంటలకూ ఇవి వాడతారు.

మందు ఒక్కటే చాలదు. మెల్లగా మొదలుపెట్టి పెంచుకుంటూ పోయే వ్యాయామం, ఫిజియోథెరపీ, సరైన నిద్ర, భయం తగ్గించే కౌన్సెలింగ్ అన్నీ కలిసి ఆ వాల్యూమును కొద్దికొద్దిగా దించుతాయి. నొప్పి పూర్తిగా పోకపోవచ్చు. కానీ మనిషి మళ్లీ పనిలోకి రావచ్చు.

దాతలకు మా మనవి

ఆపరేషన్‌కు ఇచ్చిన సాయం ఫలితం త్వరగా కనబడుతుంది. ఫిజియోథెరపీకి ఇచ్చిన సాయం అలా కాదు. వారానికి రెండు మూడుసార్లు, నెలల తరబడి ఆటో చార్జీలు, ఫీజులు అవుతాయి. ఆ రోజుల్లో కూలీ కూడా పోతుంది. అందుకే పేదలు రెండు వారాలకే మానేస్తారు, మళ్లీ మాత్రల దగ్గరికే చేరతారు. ఈ చికిత్సను మధ్యలో ఆగకుండా నడిపించడమే ఇక్కడ అసలు సాయం.

కాబట్టి, ‘నార్మల్’ రిపోర్టుతో వచ్చిన దరఖాస్తును పక్కన పెట్టవద్దని మా విన్నపం. మీరు నెలనెలా ఇచ్చే దానిలో కొంత భాగాన్ని ఇలాంటి దీర్ఘకాలిక చికిత్సకు కేటాయించండి. మీ ఇంట్లో, మీ వీధిలో ఏళ్ల తరబడి నొప్పి అంటున్నవారు ఉంటే, ముందుగా వారి మాట నమ్మండి. దానికి పైసా ఖర్చు లేదు. భయం, ఒంటరితనం తగ్గితే నొప్పి కూడా కొంత తగ్గుతుంది.