నా డెక్ 10కి 7 గెలిచింది, అయినా నేను చెప్పింది తప్పు: సొంత డెక్ కట్టడం, టెస్ట్ చేయడం

కొల్లాపూర్ నుంచి మళ్లీ మీ ముందుకొచ్చా. ఇవాళ్టి ఎపిసోడ్ ముందు ఒక సారీతో మొదలుపెడతా.

కొన్ని ఎపిసోడ్ల కింద పోకెమాన్ ట్రేడింగ్ కార్డ్ గేమ్ పాకెట్‌లో నేను సొంతంగా కట్టిన ఒక డెక్ చూపించా. "10 మ్యాచులు ఆడా, 7 గెలిచా, సూపర్ డెక్" అని గట్టిగా చెప్పా. అది చూసి మా వీధిలో ఉండే ఇంటర్ తమ్ముడు ఒకడు రెండో గ్యారడోస్ ఎక్స్ కార్డు కోసం 500 ప్యాక్ పాయింట్లు ఖర్చు పెట్టేశాడు. వారం తర్వాత కనపడి, "అన్నా, నీ మాట విని తీసుకున్నా, వరుసగా ఓడిపోతున్నా" అన్నాడు.

ఈ గేమ్ ఆడనివాళ్లకి చెప్తా, 500 పాయింట్లంటే చిన్న విషయం కాదు. ఒక్కో ప్యాక్ తెరిస్తే 5 పాయింట్లు వస్తాయి. అంటే 500కి 100 ప్యాకులు. డబ్బు పెట్టకుండా ఆడితే రోజుకి 2 ప్యాకులు. లెక్కేసుకోండి, 50 రోజులు. ఆ పిల్లాడి 50 రోజులు నా ఒక్క మాట మీద పోయాయి. అందుకే ఇవాళ, డెక్ ఎలా కట్టాలి, అది బాగుందని ఎప్పుడు నమ్మాలి, ఈ రెండూ మొదటినుంచి చూద్దాం.

ముందు రూల్స్ క్లుప్తంగా. డెక్‌లో సరిగ్గా 20 కార్డులు. ఒకే పేరున్న కార్డు 2కి మించి పెట్టకూడదు. మొదట చేతికి 5 కార్డులు వస్తాయి, అందులో కనీసం ఒక బేసిక్ పోకెమాన్ ఉండేలా గేమే చూసుకుంటుంది. ఆ తర్వాత మన ప్రతి టర్న్‌కి ఒక కార్డు. ఎవరు ముందు 3 పాయింట్లు కొడితే వాళ్లు గెలిచినట్టు. ఎదుటివాడి ఎక్స్ పోకెమాన్‌ని పడగొడితే 2 పాయింట్లు, మామూలుదైతే 1.

ఇప్పుడు నా డెక్. మ్యాజికార్ప్, గ్యారడోస్ ఎక్స్, ఈవీ, వేపోరియన్, మిస్టీ, పోకే బాల్, ప్రొఫెసర్స్ రీసెర్చ్, సబ్రీనా, ఎక్స్ స్పీడ్, పోషన్. ఒక్కోటి 2 కాపీలు, మొత్తం 20. ఇందులో గ్యారడోస్ ఎక్స్, ఎనర్జీ జరిపే వేపోరియన్ రెండూ 2024 డిసెంబర్‌లో వచ్చిన మిథికల్ ఐలాండ్ సెట్‌వి. తర్వాత ఎన్నో సెట్లు వచ్చాయి. కాబట్టి ఇది ఇవాళ్టి టాప్ డెక్ అని నేను అనట్లేదు, పద్ధతి చూపించడానికి వాడుతున్నా.

ఒకటి: డెక్ పని ఒక్క వాక్యంలో రాయండి. నా వాక్యం ఇది: "మ్యాజికార్ప్‌ని గ్యారడోస్ ఎక్స్‌గా మార్చాలి, నాలుగు ఎనర్జీలు పెట్టాలి, 140 డ్యామేజ్ కొట్టాలి." మామూలుగా టర్న్‌కి ఒక్క ఎనర్జీయే పెట్టగలం. అందుకే తొందరగా ఎనర్జీ ఇవ్వడానికి మిస్టీ. వెనక బెంచ్ మీదున్న వాటర్ పోకెమాన్ ఎనర్జీని ముందుకు జరపడానికి వేపోరియన్. ఏదైనా కార్డు ఈ వాక్యానికి ఎలా సాయం చేస్తుందో చెప్పలేకపోతే, అది ఎంత అందంగా ఉన్నా బయట పెట్టేయండి.

రెండు: ఫోన్ పక్కన పెట్టి కాగితాలతో ఆడండి. 20 చీటీలు చింపి కార్డుల పేర్లు రాయండి. కలపండి, 5 తీయండి. బేసిక్ రాకపోతే మళ్లీ కలిపి తీయండి. ఎదురుగా ఎవరూ లేకుండా మూడు టర్న్‌లు ఆడి, మూడో టర్న్‌కి గ్యారడోస్ ఎక్స్ బల్ల మీదకి వచ్చిందా లేదా అని టిక్ పెట్టండి. నేను 20 సార్లు చేస్తే 10 సార్లే వచ్చింది. మొదట షాకయ్యా. తర్వాత లెక్క వేస్తే అర్థమైంది. మూడో టర్న్‌కి మనం చూసేది 8 కార్డులు. రీసెర్చ్‌లాంటి సాయం లేకపోతే, 2 కాపీలున్న కార్డు కూడా దాదాపు మూడు ఆటల్లో ఒకదాంట్లో కనపడనే కనపడదు. చీటీలకి పాయింట్లూ అక్కర్లేదు, నెట్టూ అక్కర్లేదు. ఈ పని నేను ముందే చేసుంటే తమ్ముడి పాయింట్లు మిగిలేవి.

మూడు: 10 మ్యాచులని నమ్మకండి. నేను కాలు జారింది ఇక్కడే. రూపాయి బిళ్ల 10 సార్లు ఎగరేస్తే 7 గానీ అంతకన్నా ఎక్కువ గానీ బొమ్మలు పడే అవకాశం సుమారు 17 శాతం. అంటే సరిగ్గా సగం సగం గెలిచే మామూలు డెక్‌ని ఆరుగురు తలా 10 మ్యాచులు ఆడితే, అందులో ఒకరికి "నాది సూపర్ డెక్" అనిపించడం సహజమే. ఆ ఒక్కడు నేనే అయ్యా, పైగా వీడియో కూడా పెట్టా. మన దగ్గర మామిడి కొనేవాళ్లు బుట్టలో పైవరస పళ్లు చూసి ధర కట్టరు, అడుగుదాకా చెయ్యి పెట్టి చూస్తారు. నేను పైవరస చూసి ధర చెప్పేశా.

మిస్టీ సంగతి కూడా ఇంతే. ఈ కార్డు వేస్తే బొరుసు పడేదాకా నాణెం ఎగరేయాలి, ఎన్ని బొమ్మలు పడితే అన్ని ఎనర్జీలు. మొదటిసారే బొరుసు పడి ఏమీ రాకపోవడం సగం సార్లు జరుగుతుంది. ఒక్కటే రావడం పావు వంతు. రెండు గానీ అంతకన్నా ఎక్కువ గానీ రావడం మిగిలిన పావు వంతే. కానీ వరసగా నాలుగు బొమ్మలు పడ్డ మ్యాచ్ నాకు ఇప్పటికీ గుర్తుంది. సున్నా వచ్చిన మ్యాచులు ఎన్నో గుర్తులేదు. అందుకే గుర్తు మీద కాదు, నోట్‌బుక్ మీద ఆధారపడాలి.

నాలుగు: ఓటమికి కారణం రాయండి. నేను ఐటీ ఉద్యోగం చేసినప్పుడు "యాప్ పనిచేయట్లేదు" అని రాస్తే టెస్టింగ్ వాళ్లు ఒప్పుకునేవాళ్లు కాదు. ఎక్కడ, ఎప్పుడు, ఏం చేస్తే ఆగింది అని రాయాలి. డెక్‌కీ అంతే. నాలుగు గళ్లు గీయండి: ముందు ఆడామా వెనక ఆడామా, ఎదుటి డెక్ ఏది, గెలుపా ఓటమా, ఎందుకు.

అలా రాస్తూ ఇంకో 30 మ్యాచులు ఆడా. 12 గెలిచా, 18 ఓడా. ఆ 18లో 8 సార్లు మ్యాజికార్ప్ ముందు నిలబడి, మారకముందే పోయింది. దానికి ఉన్నదే 30 హెచ్‌పీ, ఒక్క దెబ్బకి అయిపోతుంది. 6 సార్లు మిస్టీకి బొరుసు పడి ఎనర్జీ చాలలేదు. 4 సార్లు పూర్తిగా నా తప్పు, తొందరపడి ఆడా. చూడండి, ఓటములని ఇలా విడగొట్టగానే ఏం బాగుచేయాలో కనపడింది.

ఐదు: ఒకసారికి ఒక్క మార్పే. 2 పోషన్‌లు తీసి 2 లాప్రాస్‌లు పెట్టా. లాప్రాస్ ముందు నిలబడి దెబ్బలు కాస్తుంది, మ్యాజికార్ప్ వెనక బెంచ్ మీద పెరుగుతుంది. మిగతా 18 కార్డులు ముట్టుకోలేదు. ఒకేసారి ఐదు కార్డులు మారిస్తే, గెలిచినా ఏ కార్డు వల్ల గెలిచామో తెలియదు కదా.

మళ్లీ 30 మ్యాచులు. ఈసారి 16 గెలిచా. "ఓకే, బాగుపడింది" అని అరవాలనిపించింది, కానీ ఆగా. 12 నుంచి 16 కావడం అదృష్టం వల్ల కూడా జరగొచ్చు. నాకు కొంచెం నమ్మకం ఇచ్చింది కారణాల గడి. మ్యాజికార్ప్ ముందే పోయి ఓడిన మ్యాచులు 8 నుంచి 3కి తగ్గాయి. ఏ రోగానికి మందు వేశానో ఆ రోగమే తగ్గింది. మిస్టీ వల్ల ఓడినవి మాత్రం 6 కాస్తా 7 అయ్యాయి, ఎందుకంటే దాన్ని నేను ముట్టుకోలేదు. తర్వాతి మార్పు అక్కడే.

"అన్నా, ఇంత కష్టం ఎందుకు, టాప్ డెక్ కాపీ కొట్టొచ్చు కదా" అంటారు. కొట్టండి, తప్పేం లేదు. మొదట్లో అదే మంచిది, ఆట అర్థమవుతుంది. కానీ అది ఓడినప్పుడు ఎందుకు ఓడిందో మీకు తెలియదు. సొంత డెక్ సగమే గెలిచినా, మిగతా సగం ఎందుకు పోయిందో మీ నోట్‌బుక్‌లో ఉంటుంది.

ఆ తమ్ముడి దగ్గరికి ఈ నోట్‌బుక్ పట్టుకునే వెళ్లా. సారీ చెప్పా. వాడి పాయింట్లు వెనక్కి ఇప్పించలేను. ఇప్పుడు ఇద్దరం పాస్‌వర్డ్ పెట్టుకుని ప్రైవేట్ మ్యాచులు ఆడుతున్నాం, నోట్‌బుక్ వాడే రాస్తున్నాడు. నిన్న నేను ఓడిన మ్యాచ్‌కి "మిస్టీ బొరుసు" అని చెప్తే, "కాదన్నా, సబ్రీనా ఒక టర్న్ ముందే వేసేశావ్, నీ తప్పే" అని కొట్టేసి రాశాడు. వాడు చెప్పిందే కరెక్ట్.

ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి ఫ్రెండ్స్. ఇకపై నేనైనా, ఇంకెవరైనా "ఈ డెక్ సూపర్" అంటే, పాయింట్లు ఖర్చు పెట్టేముందు రెండే ప్రశ్నలు అడగండి: ఎన్ని మ్యాచులు ఆడావ్? ఓడినవి ఎందుకు ఓడావ్? రెండోదానికి జవాబు లేకపోతే ఆ డెక్‌ని ఇంకా ఎవరూ టెస్ట్ చేయనట్టే. నెక్స్ట్ ఎపిసోడ్‌లో మిస్టీని తీసేసి చూద్దాం. అప్పటిదాకా చీటీలు చింపండి. ఉంటా మరి.