ఇంజను నూనె - మార్పు గడువు

ఇంజను నూనె నల్లబడినచో చెడినదని లారీ యజమానులలో పలువురి నమ్మకము. డీజిలు ఇంజను విషయమున ఇది సరికాదు. ఇంధనము కాలగా పుట్టిన మసిని గడ్డకట్టనీయక, సన్నని రేణువులుగా తేల్చియుంచుట నూనెలో కలిపిన ద్రవ్యముల పని. నలుపు ఆ పని జరుగుచున్నదనుటకు గుర్తు.

నూనె చెడు విధములు వేరు. వేడిమికి ఆక్సీకరణము చెంది చిక్కబడును. ఇంజెక్టరు కారినచో డీజిలు కలిసి పలుచబడును. ఇంధనములోని గంధకము కాలి ఆమ్లమగును. ఆ ఆమ్లమును విరుచుటకై నూనెలో క్షారద్రవ్యమును కలుపుదురు. దాని బలమును తెలుపు అంకెకు బేస్ నంబరని పేరు. అది కొత్త నూనెలోని విలువలో సగమునకు దిగినచో మార్చుట మంచిదని వాడుక.

తరచుగా నూనె మార్చవలసి వచ్చుటకు పూర్వము గంధకమొక ముఖ్య కారణము. బి.ఎస్. 3 డీజిలులో అది పదిలక్షల భాగములకు 350 భాగముల వరకును, బి.ఎస్. 4 డీజిలులో 50 వరకును ఉండవచ్చును. 2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతట వచ్చిన బి.ఎస్. 6 డీజిలులో 10 భాగములను మించరాదు. ఇంధన మింతగా మారిన పిమ్మట పాత గడువునే పట్టుకొని యుండుట డబ్బు పారబోయుటయే. ఇరువది లారీలు, ఒక్కొక్కటి ఏటికి లక్ష కిలోమీటర్లు, మార్పునకు 15 లీటర్లు అనుకొన్నచో, 20,000 కిలోమీటర్ల గడువున ఏటికి 1,500 లీటర్లు పట్టును. 40,000 గడువున 750 చాలును.

అయితే గడువును ఊహపై పెంచరాదు. 1940ల దశకమున అమెరికాలోని డెన్వర్ అండ్ రియో గ్రాండే వెస్టర్న్ రైలుమార్గ సంస్థ, డీజిలు ఇంజనుల వాడిన నూనెను వర్ణపట పరీక్షచేసి, అందలి లోహములనుబట్టి లోపలి అరుగుదలను కనిపెట్టెను. నేటి ప్రయోగశాలలదియు అదే మార్గము. ఇనుము సాధారణముగా సిలిండరు గోడలనుండియు, రాగి, సీసము బేరింగులనుండియు వచ్చును. సిలికాన్ పెరిగినచో గాలి ఫిల్టరును దాటి దుమ్ము చొరబడినదని శంకింపవలెను. బళ్లారి ప్రాంతమున ఇనుప ఖనిజము మోయు లారీలో మాత్రము ఇనుమును చూచి తొందరపడరాదు. ఖనిజపు దుమ్మే నూనెలో చేరియుండవచ్చును. అట్టి లారీకిని, రాజమార్గమున సాఫీగా సాగు లారీకిని ఒకే గడువు విధించుట తగదు.

నగరపు బస్సుల సంగతి మరియొకటి. కూడలిలో నిలిచిన బస్సున మీటరు కదలదు, ఇంజను మాత్రము తిరుగుచునే యుండును. అచ్చట కిలోమీటర్లకంటె ఇంజను నడచిన గంటలే నమ్మదగిన కొలత.

పెంపును రెండు మూడు బండ్లతో ఆరంభించి, ప్రతి మెట్టునను నమూనా తీయుట క్షేమము. ఇంజను వేడిగానున్నపుడే తీయవలెను. కొత్త నూనె పోసిన వెంటనే తీసిన నమూనా మోసగించును. వారంటీ ముగియని బండికి తయారీదారు చెప్పిన గడువును మీరరాదు. ఫిల్టరును కూడ కొత్త గడువునకు తగినదానినే వేయవలెను. అది మూసుకొనినచో పక్కదారి కవాటము తెరచుకొని, వడగట్టని నూనె తిన్నగా బేరింగులకు పోవును.