పచ్చని పైరు – కానరాని విషము

కర్మాగారముల మురుగు పారు పొలమునందును పైరు ఒక్కొక్కప్పుడు పచ్చగానే యుండును. అంతమాత్రమున నేల మంచిదని తలపరాదని మేము మనవి చేయుచున్నాము.

కాడ్మియము వంటి భారలోహము సోకగానే మొక్క ఆత్మరక్షణకు పూనుకొనును. వేరులోని కణముల గోడలు కొంత లోహమును పట్టి నిలుపును. లోనికి చొరబడినదానిని గంధకముగల పదార్థములు బంధించును. ఫైటోకెలాటిన్లు అను వీనిని మొక్కలయందు శాస్త్రజ్ఞులు 1985లో వెల్లడించిరి. బంధించిన విషమును మొక్క తన కణములలోని రసపు తిత్తులందు దాచుకొనును.

ఇది దాచుటయే గాని నశింపజేయుట కాదు. పైగా కొంత లోహము గింజ కెక్కును. జపానులోని జింజూ నదీతీరమున గనినుండి వచ్చిన కాడ్మియము ఇట్లే వరిని చేరెను. ఆ అన్నము తిన్న పలువురకు మూత్రపిండములు చెడి, ఎముకలు మెత్తబడి విరిగెను. ఈ వ్యాధికి కాలుష్యమే కారణమని 1968లో ఆ ప్రభుత్వము ప్రకటించెను.

కావున పంచాయతీ సభ్యులు పైరు రంగును నమ్మక, అట్టి పొలముల మట్టిని, నీటిని పరీక్షింపజేయవలెను. సాధారణ భూసార పరీక్షలో కాడ్మియము తేలదు. దానికై ప్రత్యేకముగా కోరవలెను. ఆమ్లగుణముగల నేలకు సున్నము వేసినచో కాడ్మియము పైరు కెక్కుట తగ్గును. అన్నిటికంటె మేలైనది, మురుగును చెరువు చేరకముందే అరికట్టుట.